పొగ పట్టని గొంతు

"కూర్చో."

"నిలబడే ఉంటానండీ."

"కూర్చోమంటున్నానా!"

ఓబ్రద్ కూర్చున్నాడు. కాసేపైనా కాకుండా మళ్ళీ లేచి, ఆ గోడ నుంచి ఈ గోడకి నడవడం మొదలుపెట్టాడు. నూట నలభై కిలోల మనిషి అంత ఇరుకు గదిలో తిరుగుతుంటే, మూల కుర్చీలో ఉన్న ఇన్‌స్పెక్టర్ దెసాంక ప్రతిసారీ కాళ్ళు వెనక్కి లాక్కోవాల్సి వస్తోంది. యాభై దాటిన దెసాంకకి మోకాళ్ళ నొప్పులు. అయినా ఓర్చుకుంది. ఈ పూట ప్రశ్నలు వేసే హక్కు ఆమెది కాదు.

ప్రశ్నలు వేస్తున్నవాడు వుయాదిన్. జిల్లా కేంద్రం నుంచి నిన్ననే దిగాడు. వయసు ముప్పై అయిదుకి మించదు, చొక్కా మడత నలగదు. ఈ ఊరి పోలీసులకి చేతకాదనే పైవాళ్ళు తనని పంపారని వచ్చిన దగ్గర్నుంచీ కనిపించిన ప్రతివాడికీ చెబుతున్నాడు. దెసాంకకి అది ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

"సోమవారం సాయంత్రం టాసా పొగ గది తగలబడింది," అన్నాడు వుయాదిన్. "చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ సాసేజీలు పొగబెట్టి ఇచ్చే గది. కాపలాదారు లాజో లోపల చిక్కుకున్నాడు. ఇవాళ గురువారం. ఇంకా కళ్ళు తెరవలేదు. వాడు పోతే ఇది హత్య కేసు. ఆ సాయంత్రం ఎక్కడున్నావ్?"

"మఠంలో."

అది ఓబ్రద్ ఎప్పటి గొంతు కాదు. పెళ్ళిళ్ళలో పాట ఎత్తుకుంటే వీధి చివరికి వినిపించే మనిషి. ఇప్పుడు తుప్పు పట్టిన గడియ లాగుతున్నట్టు గరగరమంటున్నాడు.

"మఠాధిపతికి ఫోన్ చేశాను. ఈ నెలలో నీ మొహమే చూళ్ళేదన్నాడు."

ఓబ్రద్ నడక ఆపలేదు.

"సాసేజీల పోటీలో అందరి ముందూ టాసా చొక్కా పట్టుకుని, నీ పొగ గదికి నిప్పెడతానన్నావా, లేదా?"

"తాగి అన్నాను. ఆడు సాసేజీలో పిండి కలుపుతాడు. కలపడా? అడగండి."

"ఇదెవరిది?" వుయాదిన్ సంచిలోంచి బొచ్చు టోపీ తీసి బల్ల మీద పడేశాడు. "కాలిన గది పక్క కంచె మీద దొరికింది. లోపల నీ పేరు కుట్టి ఉంది. కుట్టింది నీ పెళ్ళామేనట."

"పోయింది."

"ఎక్కడ పోయింది?"

ఓబ్రద్ నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. పిచ్చుక తాగినంత తాగాడు. మింగేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుని మొహం చిట్లించాడు. దగ్గి, రుమాల్లో ఉమ్మాడు. "గొంతు నొప్పి," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

"పొగ మింగినవాడికి గొంతు నొప్పి కాక ఇంకేం వస్తుంది?" వుయాదిన్ నవ్వాడు. "చూశారా దెసాంకా గారూ? సాక్ష్యం వాడి నోట్లోనే ఉంది. ప్రాసిక్యూటర్ భోంచేసి వచ్చేసరికి ఫైలు ఆయన బల్ల మీద ఉంటుంది. రాత్రికి ఇతను రిమాండు జైల్లో ఉంటాడు."

దెసాంక ఓబ్రద్ వంకే చూస్తోంది. ఆమె పెళ్ళి విందు వండింది ఓబ్రదే. ఆ ఊళ్ళో ఓబ్రద్ నడిపే కఫానాలో, అంటే భోజన హోటల్లో, తినని మనిషి లేడు. మగాడు ప్లేటు ఖాళీ చేయకపోతే ఊరుకునేవాడు కాదు, తను మూడు ప్లేట్లు ఖాళీ చేసి చూపించేవాడు. అలాంటి మనిషి పొద్దుట్నుంచీ రెండు గ్లాసుల నీళ్ళు కూడా పూర్తి చేయలేకపోయాడు. భయమా? భయపడ్డవాడు గటగటా తాగుతాడు గానీ చుక్క చుక్క చప్పరించడు. ఎక్కడో ఏదో అతకడం లేదని ఆమెకి అనిపించింది.

"ప్రాసిక్యూటర్ వచ్చేదాకా టైముందిగా," అంది లేస్తూ. "ఆ గది ఓసారి చూసొద్దాం పద."

"నేను చూశాను."

"నేను చూళ్ళేదు అబ్బాయ్."

వరండాలో ఓబ్రద్ భార్య స్మిల్య, ఒళ్ళో ఫ్లాస్కు పెట్టుకుని కూర్చుంది. దెసాంకని చూడగానే లేచి చెయ్యి పట్టుకుంది.

"పొగా లేదు, పాడూ లేదు దెసాంకా! అది ప్రోమయా. నేను చెబుతున్నాను రాసుకో. ఆ మఠం గదుల్లో ఒక్క కిటికీ సరిగ్గా పడదు, ఎదురుగా తలుపు. రాత్రంతా మధ్యలో పడుకున్నాడు. గొంతు పట్టేసింది."

ఎదురెదురుగా తెరిచిన తలుపుల మధ్య వీచే గాలి ప్రోమయా. దానికి మెడ పట్టేస్తుందనీ, పన్ను సలుపుతుందనీ, చెవుడు వస్తుందనీ ఈ దేశంలో పుట్టిన ఎవరికీ అనుమానం లేదు. దెసాంక కూడా మండు వేసవిలో బస్సు కిటికీ మూయించే రకమే. అందుకే కొట్టిపారేయలేదు.

"గొంతు ఒక్కటేనా?"

"భుజం కూడా. ఎడమ భుజం. బుధవారం పొద్దున ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ పట్టుకుని మూలుగుతున్నాడు. దెబ్బ తగిలిందా అంటే లేదంటాడు. మంచం మీద పడుకోలేడు, కుర్చీలో కూర్చునే కునుకు తీస్తాడు. లేస్తే ఇల్లంతా తిరుగుడు. తిండి మానేశాడు, మొక్కుకున్నాడట! ముప్పై ఏళ్ళ కాపురంలో ఈస్టర్ ముందు ఉపవాసం రెండు రోజులు దాటించలేనివాడు, ఇప్పుడు మొక్కట!" స్మిల్య గొంతు తగ్గించింది. "నిజం చెప్పు. ఆయనకి ఇంకో మనిషి ఉందా?"

"ఉంటే సెంటు కొట్టుకుని తిరుగుతాడే గానీ, భుజం పట్టుకుని మూలగడు. నువ్వు ఇక్కడే ఉండు."

స్మిల్య కళ్ళు తుడుచుకుంది. "పాపం మా కూమ్ గోయ్కో లేకపోతే ఏమైపోయేదాన్నో. సోమవారం నుంచీ కఫానా తాళాలూ, వంటా, అన్నీ తనే చూసుకుంటున్నాడు."

కూమ్ అంటే పెళ్ళిలో పక్కన నిలబడి సాక్షి సంతకం పెట్టినవాడు, పిల్లలకి చర్చిలో పేరు పెట్టినవాడు. ఇద్దరూ ఒకరినొకరు 'కూమే' అనే పిలుచుకుంటారు. తోడబుట్టినవాడితో పోట్లాడినా సరిపోతుంది గానీ కూమ్‌తో పోట్లాడకూడదు. దెసాంక తల ఊపి మెట్లు దిగింది.

టాసా పొగ గది ఊరి చివర, తీసా నది గట్టు కింద ఉంది. ఇటుక గోడలు నిలిచాయి, కప్పు కూలిపోయింది. మాడిన కొవ్వు వాసన గట్టు దాకా కొడుతోంది. దెసాంక లోపలికి వెళ్ళకుండా గది చుట్టూ తిరిగింది.

నిప్పు గూడు గదికి బయట, నది వైపు ఉంది. అక్కడ నిప్పు రాజేస్తే పొగ కింది కన్నంలోంచి లోపలికి పోతుంది. గూడు నిండా ఎండు మొక్కజొన్న దంట్లు కుక్కిన గుర్తులున్నాయి. డీజిల్ వాసన ఇంకా పోలేదు.

"నిప్పు పెట్టినవాడు ఇక్కడ నిలబడి పెట్టాడు," అంది. "సోమవారం గాలి ఎటు?"

"నది మీంచి ఊరి వైపు. అయితే?"

"గాలి వాడి వీపుకి కొట్టింది. పొగంతా అటు పోయింది. వాడు పీల్చింది ఏమీ లేదు."

"లోపలికి వెళ్ళాడు. లాజోని లోపల పెట్టి గడియ వేయడానికి."

"గడియ ఏది?" దెసాంక తలుపు చట్రం చూపించింది. మాడిన చెక్కకి కొక్కెం ఉంది గానీ గడియ దూరాల్సిన రంధ్రం నిండా ఎప్పటిదో మట్టి గట్టిపడి ఉంది. "ఇది ఎన్నేళ్ళుగా పడట్లేదో. ఈ తలుపుని ఎవరూ మూయలేదు."

వుయాదిన్ మొహం కాస్త ఎర్రబడింది. "టోపీ?"

"ఎక్కడ దొరికింది?"

చూపించాడు. మనిషి ఛాతీ ఎత్తున కంచె మేకు. దెసాంక తన చేతి రుమాలుని తల ఎత్తు నుంచి జారవిడిచింది. అది నేల మీద పడింది. మళ్ళీ వేసింది, మళ్ళీ నేలమీదే.

"పరిగెడుతుంటే ఊడిన టోపీ బురదలో ఉండాలి. ఇది తగిలించిన టోపీ. ఒక్క మసి మరక లేదు దాని మీద. ఎవరికో ఇది మనకి దొరకాలని ఉంది."

"మీకు అతని వంట ఇష్టం. అందుకే ఇన్ని కథలు."

"నీకు తొందర ఇష్టం. అందుకే ఒకటే కథ."

"నేను వెళ్తున్నాను," అన్నాడు వుయాదిన్ కారు తాళం తీస్తూ. "క్యాంటీన్ నుంచి మీ స్నేహితుడికి భోజనం చెప్పాను. పక్కటెముక వేసిన చిక్కుడు గింజల పులుసు. మఠమే అబద్ధమైనప్పుడు మొక్కు నిజమెలా అవుతుంది? వాడు తింటే మొక్కు అబద్ధమని వాడే ఒప్పుకున్నట్టు. అక్కణ్ణుంచి మిగతాది లాగుతాను."

అతని కారు మలుపు తిరిగాక దెసాంక ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి డాక్టర్ జోర్కా. ఇద్దరూ చిన్నప్పటి నుంచి ఒకే వీధి.

"నీ లాజో కళ్ళు తెరిచాడు. బతికాడు. ముందు ఏమడిగాడో తెలుసా? సాసేజీలు మిగిలాయా అని!"

దెసాంక అక్కడే రాయి మీద కూలబడింది. గుండెల మీంచి పెద్ద బండ దిగినట్టయింది. "లోపలికి ఎవరు నెట్టారట?"

"ఎవరూ నెట్టలేదే. మంట చూసి సాసేజీలు బయటికి లాగుదామని తనే దూరాడట, వెర్రివాడు. నిప్పు పెట్టినవాణ్ణి చూళ్ళేదు. ముక్కులో వెంట్రుకలు మాడిపోయాయి, ఇవాళ కూడా నల్లటి కఫం కక్కుతున్నాడు. అయినా గండం గడిచింది."

నల్లటి కఫం. దెసాంకకి పొద్దున ఓబ్రద్ రుమాల్లో ఉమ్మింది గుర్తొచ్చింది. అందులో నలుపు లేదు.

"జోర్కా, ఇంకో గొంతు సంగతి చెబుతాను విను. బొంగురు, మింగితే నొప్పి. ఎడమ భుజం నొప్పి, దెబ్బ లేదు. వెల్లకిలా పడుకోలేడు. ఊరికే నడుస్తూనే ఉంటాడు. ఇవన్నీ నాకు ఒకసారి ఒకేసారి వచ్చాయి. పిత్తాశయంలో రాళ్ళు నువ్వు తీయించినప్పుడు."

"గొంతు గొట్టం వల్ల," అంది జోర్కా. "మత్తు ఇచ్చినప్పుడు ఊపిరికి గొట్టం వేస్తారుగా. భుజం గాలి వల్ల. కడుపులోకి గాలి కొట్టి చేసే ఆపరేషన్లో ఆ నొప్పి అక్కడికి తంతుంది. రక్తం గడ్డకట్టకుండా నడవమంటాం. నీ మనిషి లావా?"

"ఓబ్రద్."

"అమ్మ బాబోయ్! కడుపు తగ్గించే ఆపరేషన్ గానీ చేయించుకున్నాడా? ఎన్నాళ్ళయింది?"

"సోమవారం అయి ఉండాలి."

"దెసాంకా, ఆ మనిషిని ఏమీ తిననివ్వకు! అరటిపండంత మిగిల్చి కుట్టేస్తారు కడుపుని. కుట్లు పచ్చిగా ఉన్నాయి. ఇప్పుడు గట్టి ముద్ద దిగితే కుట్టు విడిపోతుంది, విడిపోతే మనిషి దక్కడు. నీళ్ళు, పల్చటి సూపు, అంతే. నేను బయల్దేరుతున్నా!"

దెసాంకకి మోకాళ్ళ నొప్పులున్న సంగతి గుర్తు రాలేదు. కారు దాకా పరిగెత్తింది. దారిలో వుయాదిన్‌కి ఫోన్ చేసింది, ఎత్తలేదు. స్టేషన్‌కి చేసింది, మోగి మోగి ఆగిపోయింది. అందరూ ఎక్కడ చచ్చారో ఆమెకి అర్థమైంది. ఓబ్రద్ తినడం చూడటం ఆ ఊళ్ళో వినోదం.

నిజంగానే గది గుమ్మంలో నలుగురు కానిస్టేబుళ్ళు మూగి ఉన్నారు.

"ఏం ఓబ్రద్ మావా, ఇంకో ప్లేటు చెప్పమంటావా?"

"ఇది గ్లాసుడేరా ఈయనకి, పళ్ళ సందులో కూడా చాలదు!"

"భయంతో గొంతు దిగట్లేదేమో!"

ఆ ఆఖరి మాట పనిచేసింది. ఓబ్రద్ అప్పటిదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని పళ్ళేన్ని చూస్తున్నాడు. ఊరంతా తనకి ఏ పేరు పెట్టిందో ఆ పేరు నిలబెట్టుకోవాలి. చెంచా ఎత్తాడు. మాంసం ముక్క మీద పులుసు కారుతోంది. నుదుటి మీద చెమట పట్టింది. నోరు తెరిచాడు.

దెసాంక మనుషుల్ని తోసుకుని వచ్చి ఆ చేతి మీద ఒక్కటి వేసింది. చెంచా గోడకి తగిలి ఖణేల్మంది, పులుసు వుయాదిన్ చొక్కా మీద చిందింది.

"పిచ్చెక్కిందా మీకు? ఖైదీకి అన్నం పెట్టడం కూడా తప్పేనా!"

"ఇవాళ తప్పే. అందరూ బయటికి పొండి!"

కానిస్టేబుళ్ళు పోయారు. వుయాదిన్ పోలేదు, కాగితంతో చొక్కా తుడుచుకుంటూ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఓబ్రద్ ఖాళీ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ఆ కళ్ళలో కోపం లేదని దెసాంక గమనించింది. ఉరి తాడు తెంపితే చూసినట్టు చూస్తున్నాడు.

"ఒక్క ముద్ద దిగినా చచ్చేవాడివి. తెలుసు కదా?"

"దేన్ని గురించి మాట్లాడుతున్నారో నాకు..."

"నోరు తెరు," అంది వెనకనుంచి డాక్టర్ జోర్కా, టార్చి తీస్తూ. ఆమె కోటు కూడా విప్పలేదు.

ఓబ్రద్‌కి తప్పలేదు. జోర్కా అటూ ఇటూ చూసింది. ముక్కులోకి కూడా వెలుగు వేసింది.

"మసి లేదు. ముక్కులో వెంట్రుకలు నిక్షేపంలా ఉన్నాయి. ఈ గొంతు పొగ మొహం చూళ్ళేదు." వుయాదిన్‌ని దగ్గరికి పిలిచింది. "రండి, చూడండి. పొగైతే గొంతంతా ఒకేలా ఉబ్బుతుంది. ఇక్కడ కుడి పక్క ఒక్కటే గీసుకుపోయింది. కింది పెదవి లోపల చిన్న తెగుడు. ముందు పన్ను అంచు కొత్తగా విరిగింది. ఊపిరి గొట్టం దించడానికి నాలుకని ఎత్తిపట్టే వంకర ఇనుప బ్లేడు ఉంటుంది. లావు మెడలో అది ఓ పట్టాన కుదరదు. అది చేసిన పని ఇది."

"మరి గొంతంతా ఇంత నొప్పేమిటి?" అన్నాడు వుయాదిన్, తెలియకుండానే వంగి చూస్తూ.

"ఇంకో గొట్టం కూడా వేస్తారు. వేలంత లావు ఉంటుంది. నోట్లోంచి కడుపు దాకా దించి, దాన్నే కొలబద్దగా పెట్టుకుని పక్కనే కడుపుని కోసి కుట్టేస్తారు. రెండు గొట్టాలూ ఒకే దారిలో పోయొచ్చాక గొంతు మండకపోతే ఆశ్చర్యపోవాలి. నాలుగైదు రోజుల్లో అదే తగ్గిపోతుంది. భయం లేదు."

"ప్రోమయా," అన్నాడు ఓబ్రద్ గరగరగా. ఆఖరి ప్రయత్నం.

"చొక్కా ఎత్తు ఓబ్రద్," అంది దెసాంక మెల్లగా.

ఎత్తినప్పుడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆ కొండంత పొట్ట మీద అక్కడొకటి ఇక్కడొకటి అయిదు చిన్న తెల్ల ప్లాస్టర్లు. వుయాదిన్ చొక్కా తుడుచుకోవడం ఆపేశాడు.

"నోవి సాద్ పట్నంలో," అన్నాడు ఓబ్రద్ గోడతో. "ప్రైవేటు క్లినిక్. షుగరు ఆకాశంలో ఉంది. నా బూట్ల లేసు నేను కట్టుకుని ఎన్నాళ్ళయిందో తెలీదు. వేసంగిలో కూతురికి కాన్పు. ఇలాగే ఉంటే మనవణ్ణి ఎత్తుకునేదాకా ఉండవన్నాడు డాక్టరు. అందుకని..."

"ఈ ముక్క పొద్దున చెబితే ఏం పోయేది?" వుయాదిన్ కేకలేశాడు. "హత్య కేసు మీద పడుతుంటే!"

"ఏం పోయేదా?" ఓబ్రద్ అతని వైపు తిరిగాడు. "నా కఫానా బోర్డు మీద బొమ్మ చూశారా? నా పొట్టే. తినలేని మగాణ్ణి మగాడు కాదని ఇరవై ఏళ్ళు నేనే అన్నాను ఈ ఊళ్ళో. ఎంతమందిని నవ్వులపాలు చేశాను! ఇప్పుడు నేనే పోయి కడుపు కోయించుకుని, పిల్లి తిన్నంత తింటానంటే? జైలుకెళితే నిప్పెట్టాడంటారు. అది భరించగలను. ఇది భరించలేను."

తెలివితక్కువ మాటే. కానీ దెసాంకకి నవ్వు రాలేదు. ఆ ఊరి మగాళ్ళని ఆమెకి బాగా తెలుసు.

క్లినిక్‌కి ఫోన్ కలిపి బల్ల మీద పెట్టింది. అవతల మత్తు డాక్టరు మర్యాదగా, గట్టిగా చెప్పింది. రోగి సంగతులు పోలీసులకి చెప్పదు. రోగి తనే ఒప్పుకుంటే తప్ప.

అందరూ ఓబ్రద్ వంక చూశారు.

"చెబితే ఫైల్లో ఎక్కుతుందా?"

"ఎక్కుతుంది," అంది దెసాంక. "అబద్ధం చెప్పను."

"ఫైల్లో ఎక్కితే సాయంత్రానికి మార్కెట్లో ఉంటుంది."

"ఉంటుంది. ఎక్కకపోతే సాయంత్రానికి నువ్వు జైల్లో ఉంటావు. అక్కడ సూపు చేసిచ్చేవాళ్ళు ఉండరు. నీ కూతురు బిడ్డని తెచ్చి ఎవరికి చూపిస్తుందో నువ్వే చెప్పు."

ఓబ్రద్ గ్లాసు తీసుకుని ఒక చుక్క తాగాడు. మింగాడు. "చెప్పండి డాక్టరమ్మా," అన్నాడు ఫోనుతో. "అన్నీ చెప్పేయండి."

"సోమవారం మధ్యాహ్నం మూడు నుంచి అయిదున్నర దాకా నా కళ్ళ ముందే ఉన్నారు," అంది ఆ గొంతు. "ఆ మెడని మర్చిపోవడం కష్టం. మొదటి బ్లేడు కుదర్లేదు, మార్చి రెండోసారి వేశాను. పన్ను అంచు విరిగింది, అప్పుడే చెప్పి క్షమాపణ అడిగాను. గొంతు ఎలా ఉందండీ? వేడివి తాగడం లేదు కదా?"

పొగ గది అంటుకుంది నాలుగున్నరకి. వుయాదిన్ ఆ అంకెని కాగితం మీద రాసి, దాని కింద గీత గీసి, కలం మూశాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే పులుసు పళ్ళెం తీసి దూరంగా కిటికీ గూట్లో పెట్టాడు.

"నాకు తెలీదు," అన్నాడు ఓబ్రద్‌తో. "తెలిస్తే పెట్టేవాణ్ణి కాదు."

స్మిల్యని లోపలికి పిలిచారు. దెసాంక నాలుగు మాటల్లో చెప్పింది. స్మిల్య ముందు తన మొగుడి పొట్ట వంక చూసింది, తర్వాత మొహం వంక. తర్వాత చేతిలో ఉన్న సంచీతో ఎడాపెడా వాయించడం మొదలుపెట్టింది.

"పొట్ట మీద కొట్టకు!" అరిచింది జోర్కా.

"బుర్ర మీదే కొడుతున్నా! ఇంకో ఆడదనుకుని మూడు రోజులు ఏడ్చాను కదరా దుర్మార్గుడా! నాతో చెబితే నేను నవ్వుతానా? నేనా?" కొడుతూ కొడుతూనే అతని మెడ చుట్టూ చేతులు వేసి భోరుమంది. ఓబ్రద్ కూడా ఏడ్చాడు, బొంగురు గొంతుతో, చిన్నపిల్లాడిలా. తర్వాత ఇద్దరూ నవ్వారు. ఫ్లాస్కు మూత తీసి ఆమె సూపు మూతలో పోసి ఇస్తే, అతను చప్పరించి, "ఉప్పు తక్కువైంది," అన్నాడు. దెసాంకకి అప్పుడు గానీ పూర్తిగా ఊపిరి ఆడలేదు. లాజో బతికాడు. ఇతను బతికాడు. ఒక రోజుకి అంతకన్నా ఏం కావాలి?

"అంతా బాగానే ఉంది," అన్నాడు వుయాదిన్. అతని గొంతులో వెటకారం లేదు. "కానీ ఈ టోపీ నడుచుకుంటూ వచ్చి కంచెకెక్కలేదు కదా."

దెసాంక అతని వంక మెచ్చుకోలుగా చూసింది. ఆ ప్రశ్న తనది కావలసింది.

"ఓబ్రద్, క్లినిక్‌కి ఆ టోపీ పెట్టుకునే వెళ్ళావా?"

"అవును. చలి కదా."

"ఆపరేషన్‌కి తీసుకెళ్ళేటప్పుడు బట్టలు విప్పుతారు. ఎవరి చేతికిచ్చావు?"

"గోయ్కోకి. కారులో తీసుకెళ్ళింది తనే. కోటూ, టోపీ, తాళాలూ తన దగ్గరే పెట్టుకున్నాడు. ఆపరేషన్ అయ్యేదాకా అక్కడుండి ఏం చేస్తావు, కఫానా చూసుకో పొమ్మన్నాను. బుధవారం మళ్ళీ వచ్చినప్పుడు టోపీ వరండాలో ఎవరో కొట్టేశారన్నాడు." చెబుతూ చెబుతూ ఓబ్రద్ నెమ్మదించాడు.

"ఆపరేషన్ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు."

"మఠం అని చెప్పమన్నది ఎవరు?"

ఓబ్రద్ బల్ల మీది టోపీ వంక చూశాడు. స్మిల్య చెయ్యి అతని భుజం మీదే ఆగిపోయింది.

"నువ్వు ఎక్కడున్నావో ఎవరికీ చెప్పవని, చచ్చినా చెప్పవని తెలిసినవాడు ఒక్కడే," అంది దెసాంక. "ఆ రోజునే నిప్పు పెట్టాడు. ఎందుకో నాకింకా తెలీదు. నువ్వు లోపలుంటే కఫానా తాళాలు ఎవరి దగ్గరుంటాయో, ముందు అక్కణ్ణుంచి కనుక్కుంటాను."

"మా పిల్లలకి పేరు పెట్టినవాడు," అంది స్మిల్య.

"ఎక్కడున్నాడిప్పుడు?" అన్నాడు వుయాదిన్.

కింద తలుపు చప్పుడైంది. మెట్ల మీద బూట్ల అడుగులు, హుషారైన ఈల.

"కూమే! ఎక్కడ?" కేక వినిపించింది. "స్మిల్యా, లాజో బతికాడటగా! ఇంక వీళ్ళు మనవాణ్ణి ఏం చేస్తారు? కారు గుమ్మంలోనే ఉంది, పదండి ఇంటికి!"

వుయాదిన్ చెయ్యి నడుముకి వెళ్ళింది. దెసాంక కళ్ళతోనే ఆపింది. అప్పటికే ఓబ్రద్ లేచి, కడుపు మీద అరచెయ్యి అదిమిపెట్టుకుని, గుమ్మంలోకి నడిచాడు. ఎవరూ అడ్డు రాలేదు.

గోయ్కో మెట్లు దాదాపు ఎక్కేశాడు. సన్నటి మనిషి, మొహమంతా నవ్వు. "మఠం వాళ్ళు నిన్ను మర్చిపోయారటగా కూమే! నేను చెబుతాను వాళ్ళకి, నేనే దింపానని. సాక్ష్యం కావాలంటే నేనున్నాను కదా!"

"మఠం లేదు కూమే," అన్నాడు ఓబ్రద్. వరండాలో కానిస్టేబుళ్ళంతా ఉన్నారు. గొంతు గరగరమన్నా, అందరికీ వినిపించేలా అన్నాడు. "నేను కడుపు కోయించుకున్నాను. చెప్పేశాను. క్లినిక్ సంగతీ, నా బట్టలు నీ చేతికిచ్చిన సంగతీ. అన్నీ ఫైల్లో రాశారు."

కానిస్టేబుళ్ళలో ఒక్కడూ నవ్వలేదు.

ఓబ్రద్ రెండు చేతులూ చాచాడు. విడుదలైన కూమ్‌ని ఎవరైనా వచ్చి కావలించుకుంటారు. అతను అలా చేతులు చాచి, ఆ మొహంలోకి చూస్తూ, ఎదురుచూశాడు. తను అనుకున్నది తప్పు కావాలని ఎంత కోరుకుంటున్నాడో వెనక నిలబడ్డ దెసాంకకి అతని వీపులోనే కనిపించింది.

గోయ్కో ఆ చేతుల్లోకి రాకుండా, వెనక్కి ఒక మెట్టు కిందికి దిగాడు.